మణికట్టులో ఎముక చచ్చిపోతుంటే: కీన్‌బాక్ జబ్బుకు ఏ ఆపరేషన్, ఎప్పుడు?

కరోనా తర్వాత హైదరాబాద్‌లో ఏవీఎన్ అనే మాట చాలా ఇళ్లకు చేరింది. స్టెరాయిడ్లు వాడి కోలుకున్నవాళ్లలో కొందరికి కొన్ని నెలలకు తుంటి నొప్పి రావడం, స్కాన్ తీస్తే తొడ ఎముక పైభాగానికి రక్తం అందట్లేదని తేలడం చాలామంది విన్నదే. రక్తం ఆగిన ఎముక లోపల్నుంచి చచ్చిపోయి, బరువు పడేకొద్దీ కుంగిపోతుందని జనానికి అలా తెలిసింది. అదే నష్టం మణికట్టులో రెండు సెంటీమీటర్లు కూడా లేని ఒక ఎముకకూ జరుగుతుంది. 1910లో వియన్నాకు చెందిన రేడియాలజిస్టు రాబర్ట్ కీన్‌బాక్ దాన్ని ఎక్స్‌రేల ఆధారంగా వివరించాడు. అందుకే ఆయన పేరుతో కీన్‌బాక్ జబ్బు అంటున్నారు. తుంటిలో స్టెరాయిడ్లు, మద్యం పెద్ద కారణాలైతే, మణికట్టులో చాలాసార్లు అసలు సమస్య ఎముక మీద పడే భారంలో ఉంటుంది. అందుకే ఇక్కడ ఆపరేషన్ల ఆలోచనే వేరు. చచ్చిపోతున్న ఎముకను ముట్టుకోకుండా, పక్కనున్న బాగున్న ఎముకను కోసే వైద్యం ఇది. ఆ మాట వినగానే రోగి, ఇంట్లోవాళ్లు కంగారు పడటం సహజం. కానీ లెక్క తెలిస్తే అది ఎందుకు సరైనదో అర్థమవుతుంది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసల్లో ఉంటాయి. ముంజేతికి దగ్గరి వరుసలో నడిమధ్యది లూనేట్. దానికి వేళ్ల వైపు క్యాపిటేట్ అనే ఎముక, మోచేతి వైపు రేడియస్ అనే ముంజేతి ఎముక. చేత్తో ఏ బరువెత్తినా, ఏది నొక్కినా ఆ ఒత్తిడిలో పెద్ద వాటా లూనేట్ గుండానే ముంజేతికి వెళ్తుంది. లూనేట్ ఒంటి నిండా గుజ్జు కప్పి ఉండటం వల్ల రక్తనాళాలు లోపలికి దూరడానికి ముందువైపు, వెనకవైపు కాస్త జాగానే మిగులుతుంది. కొందరికి ఆ రెండు దారులు కూడా ఉండవు, అరచేతి వైపు నుంచి మాత్రమే రక్తం వస్తుంది. కాలువ చివరి పొలం ఎలాగో ఇదీ అలాగే: పైన ఎక్కడ గండి పడినా ముందు ఎండేది ఇదే.

ఇక భారం సంగతి. ముంజేతిలో బొటనవేలి వైపు ఉండేది రేడియస్, చిటికెన వేలి వైపు ఉండేది అల్నా. రెండూ మణికట్టు దగ్గర సమానంగా ఉంటే చేతి భారంలో సుమారు 80 శాతం రేడియస్ మీద, 20 శాతం అల్నా మీద పడుతుంది. శవాల చేతుల మీద చేసిన ప్రయోగాల్లో అల్నాను రెండున్నర మిల్లీమీటర్లు పొట్టి చేస్తే దాని వాటా 4 శాతానికి పడిపోయింది. అంతే పొడవు పెంచితే 42 శాతానికి చేరింది. బియ్యపు గింజంత కూడా లేని తేడాకు భారం అంతలా అటూ ఇటూ మారుతుంది. 1928లో స్వీడన్‌కు చెందిన హుల్టెన్ గమనించింది కూడా ఇదే కోవలోది. కీన్‌బాక్ జబ్బు ఉన్నవాళ్లలో 78 శాతం మందికి అల్నా పొట్టిగా ఉంది, మామూలు జనంలో ఆ సంఖ్య 23 శాతం. తర్వాత జపాన్‌లో చేసిన పరిశీలనల్లో ఇంత స్పష్టమైన సంబంధం కనిపించలేదు. కాబట్టి పొట్టి అల్నా ఒక్కటే కారణమని చెప్పడం తప్పు. రక్తనాళాల అమరిక, రేడియస్ చివర వాలు, పదేపదే తగిలే చిన్న దెబ్బలు, కొందరిలో లూపస్, సికిల్ సెల్ లాంటి జబ్బులు, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి.

ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మగవాళ్లకు, అదీ బాగా వాడే చేతికి వస్తుంది. హైదరాబాద్‌లో ఆ వయసులో, ఆ చేత్తో బతికేవాళ్లు లక్షల్లో ఉన్నారు. జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో గ్రైండింగ్ మెషిన్ పట్టేవాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు, కాంక్రీటు పగలగొట్టే డ్రిల్లర్ నడిపేవాళ్లు, వడ్రంగులు, జిమ్ ట్రైనర్లు. ఈ పనులు చేసే అందరికీ జబ్బు వస్తుందని కాదు. వచ్చినవాళ్లకు మాత్రం నొప్పి సరిగ్గా కూలి సంపాదించే చోటే తగులుతుంది.

అసలు నష్టం జరిగేది మొదటి నెలల్లో. మణికట్టు వెనకవైపు, సరిగ్గా నడుమ, వేలితో నొక్కితే నొప్పి. కాస్త వాపు. తడి బట్టలు పిండుతుంటే, కుర్చీ చేతుల మీద బరువేసి లేస్తుంటే కలుక్కుమంటుంది. పట్టు తగ్గుతుంది, చేతిలో గ్లాసు కూడా బరువనిపిస్తుంది. చాలామంది ఎప్పుడో జరిగిన చిన్న దెబ్బను గుర్తు చేసుకుని బెణికిందనుకుంటారు, లేదా నరం పట్టిందనుకుంటారు. బామ్ రాస్తారు, నూనె పెట్టి లాగించుకుంటారు. నగరంలో వీధి వీధినా పుత్తూరు కట్టు బోర్డులు ఉన్నాయి, కొందరు అక్కడికి వెళ్తారు. కట్టు కట్టగానే మణికట్టు కదలదు, నొప్పి తగ్గుతుంది. తగ్గింది విశ్రాంతి వల్ల, జబ్బు నయమై కాదు. కట్టు విప్పి పనికి వెళ్లిన కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లకూ ఒక చిక్కుంది. తొలి దశలో మామూలు ఎక్స్‌రే పూర్తిగా నార్మల్‌గా వస్తుంది. ‘ఎముకలో ఏం లేదు’ అన్న మాట పట్టుకుని ఇంకో ఆరు నెలలు గడిపేస్తారు. నొప్పి సూదులతో మరికొన్ని నెలలు పోతాయి. సులువైన వైద్యం పనిచేసే రోజులు అవే, పోగొట్టుకుంటున్నదీ వాటినే. యువకుడికి మణికట్టు మధ్యలో నొప్పి ఐదారు వారాలు దాటి ఉంటే, ఎక్స్‌రే నార్మల్ అయినా ఎమ్మారై తీయించాలి.

ఎమ్మారై రిపోర్టులో లూనేట్ ఏవీఎన్ అని రాసి ఉంటే కూడా తొందరపడకూడదు. ఇక్కడ ఒక పెద్ద పొరపాటుకు అవకాశం ఉంది. అల్నా మామూలు కంటే పొడవుగా ఉన్నవాళ్లలో అది లూనేట్‌కు చిటికెన వేలి వైపు అంచును పొడుస్తూ ఉంటుంది. అక్కడ కూడా ఎమ్మారైలో ఎముక రంగు మారి కనిపిస్తుంది, కానీ ఆ ఒక్క అంచులోనే. కీన్‌బాక్‌లో మార్పు ఎముక అంతటా పరుచుకుంటుంది, లేదా బొటనవేలి వైపు ఎక్కువగా ఉంటుంది. మొదటిదానికి అల్నాను పొట్టి చేయాలి, రెండోదానికి రేడియస్‌ను పొట్టి చేయాలి. ఒకే ఎముకలో కనిపించే మచ్చకు పూర్తిగా ఎదురెదురు ఆపరేషన్లు! రిపోర్టులోని ఒక్క వాక్యం చూసి ఆపరేషన్ తేదీ ఖరారు చేసుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించవచ్చు. మన దగ్గర మణికట్టు టీబీ కూడా కనబడుతుంది, కీళ్లవాతం సరేసరి. అనుమానం ఉంటే రక్తపరీక్షలు, ఒక్కోసారి ముక్క తీసి పరీక్షకు పంపడం తప్పదు.

అల్నా పొట్టిదా పొడుగుదా అని కొలిచే ఎక్స్‌రేకీ ఒక పద్ధతి ఉంది. చేతిని భుజం ఎత్తుకు పక్కకు చాపి, మోచేతిని 90 డిగ్రీలు వంచి, అరచేతిని బల్ల మీద చదునుగా పెట్టి తీయాలి. చేయి ఎలాపడితే అలా తిప్పి తీస్తే కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పుతుంది. కోసేదే రెండు మిల్లీమీటర్లు అయినప్పుడు ఆ తప్పు చిన్నది కాదు. రెండు చేతులకూ తీయించి పోల్చుకోవడం మంచిది.

జబ్బు ఎంత ముదిరిందో చెప్పడానికి 1977లో లిచ్‌మన్ ప్రతిపాదించిన దశలనే, తర్వాతి మార్పులతో, నేటికీ వాడుతున్నారు. మొదటి దశలో ఎక్స్‌రే నార్మల్, ఎమ్మారైలో మాత్రమే తెలుస్తుంది. రెండో దశలో ఎక్స్‌రేలో లూనేట్ తెల్లగా గట్టిపడి కనిపిస్తుంది, ఆకారం మాత్రం చెడదు. మూడో దశలో కుంగుతుంది. దీన్ని రెండుగా చూస్తారు: లూనేట్ కుంగినా పక్క ఎముకలు తమ చోట నిలిచి ఉంటే 3ఎ, పక్కనున్న స్కేఫాయిడ్ అనే ఎముక అరచేతి వైపు వాలిపోయి మణికట్టు ఎత్తే తగ్గిపోతే 3బి. నాలుగో దశలో చుట్టూ ఉన్న కీళ్లన్నీ అరిగిపోతాయి. 3ఎ, 3బి మధ్య గీత చాలా ముఖ్యం. గీతకు ఇవతల లూనేట్‌ను కాపాడుకునే ప్రయత్నం, అవతల మణికట్టును కాపాడుకునే ప్రయత్నం.

మొదటి దశలో ఆపరేషన్ ముందు రాదు. సుమారు మూడు నెలలు కట్టులో ఉంచి చూస్తారు. పిల్లల్లో, టీనేజీ వాళ్లలో ఇలా విశ్రాంతి ఇస్తేనే ఎముక తిరిగి కోలుకునే అవకాశం బాగా ఎక్కువ. బాగా పెద్ద వయసువాళ్లలోనూ చాలామందికి కట్టు, పని తగ్గించుకోవడంతో సరిపోతుంది. ఈ రెండింటికీ మధ్య వయసులో ఉండి, చేత్తో బరువు పని చేసేవాళ్ల విషయంలోనే కత్తి అవసరం ఎక్కువ పడుతుంది.

రెండో దశ, 3ఎ దశల్లో, అల్నా పొట్టిగా ఉన్నవాళ్లకు ఎక్కువమంది సర్జన్లు ఎంచుకునేది రేడియస్‌ను పొట్టి చేసే ఆపరేషన్. లూనేట్ జోలికి పోరు. చేతికి మాత్రమే మత్తు వచ్చేలా మెడ పక్కనో చంకలోనో సూది ఇస్తారు. జబ్బకు టోర్నికే బిగించి రక్తం ఆపుతారు. అరచేతి వైపు, మణికట్టుకు కాస్త పైన ముంజేతి మీద నిలువుగా కోసి, నాడి చూసేటప్పుడు వేలికి తగిలే ధమనిని జాగ్రత్తగా పక్కకు జరిపి రేడియస్ దాకా వెళ్తారు. ముందు ప్లేటును ఎముక మీద పెట్టి ఒక వైపు స్క్రూల రంధ్రాలు చేసి, ప్లేటు తీసేస్తారు. ఎముక మెలి తిరగకుండా ఉండటానికి పొడవునా ఒక గుర్తు గీస్తారు. తర్వాత చిన్న కరెంటు రంపంతో, ఎముక వేడెక్కి కాలిపోకుండా సెలైన్ పోస్తూ, రెండు సమాంతర కోతలు. మధ్యలోంచి రెండు మూడు మిల్లీమీటర్ల బిళ్ల బయటికి వస్తుంది. రంపం బ్లేడు తినేసే మందాన్ని కూడా లెక్కలో కలపాలి, లేకపోతే అనుకున్నదానికంటే ఎక్కువ పొట్టి అవుతుంది. మరీ ఎక్కువ తీస్తే అల్నా పొడుచుకొచ్చి కొత్త నొప్పి మొదలవుతుంది. చివరికి రెండు కొసలను దగ్గరకు నొక్కి ప్లేటుతో బిగించి, అక్కడికక్కడే సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో పొడవు సరిచూస్తారు.

ఇంతా చేసి లూనేట్‌కు ఒరిగేదేమిటి? దాని మీద పడే ఒత్తిడి తగ్గుతుంది, ఆ కాస్త ఊరటలో రక్తనాళాలు మళ్లీ లోపలికి పాకే వీలు కలుగుతుంది. కోసిన ఎముక మానే క్రమంలో ఆ ప్రాంతానికి రక్తప్రసరణ పెరగడం కూడా మేలు చేస్తుందని సర్జన్ల నమ్మకం. అది బలం లేని నమ్మకం కాదు. రేడియస్‌ను అసలు కోయకుండా, లోపల తొలిచి వదిలేసే చిన్న ఆపరేషన్ చేసినవాళ్లలోనూ నొప్పి తగ్గినట్టు 2001లో అర్జెంటీనా వైద్యులు చూపించారు. ఫలితాల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, రేడియస్ పొట్టి చేయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి నొప్పి బాగా తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. ఎక్స్‌రేలో లూనేట్ మాత్రం తిరిగి కొత్తదానిలా కనిపించకపోవచ్చు. దానికి బెంగపడక్కర్లేదు. ఈ జబ్బులో ఎక్స్‌రేకూ నొప్పికీ చాలాసార్లు పొంతన కుదరదు.

అల్నా సమానంగానో పొడవుగానో ఉన్నవాళ్లకు రేడియస్ పొట్టి చేయడం కుదరదు. వాళ్లకు క్యాపిటేట్‌ను కొద్దిగా కురచ చేసి లూనేట్ మీద భారం తగ్గిస్తారు, లేదా రేడియస్ చివర వాలును మారుస్తారు.

రక్తాన్నే నేరుగా తెచ్చి ఇచ్చే పద్ధతులు మరో దారి. రేడియస్ వెనకభాగం నుంచి చిన్న ఎముక ముక్కను, దానికి రక్తం ఇచ్చే సన్నని ధమనిని తెంపకుండా తిప్పి, లూనేట్‌ను లోపల తొలిచి అందులో అమరుస్తారు. అది అతుక్కునే వారాల్లో లూనేట్ మీద బరువు పడకుండా పిన్నులు వేస్తారు. లూనేట్ పైగుల్ల ఇంకా పగలకుండా ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది. ఇంకా పెద్దది మోకాలి దగ్గర నుంచి గుజ్జుతో సహా ఎముక ముక్క తెచ్చి, మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కుట్టి, లూనేట్ స్థానంలో పెట్టడం. దీనికి మైక్రోసర్జరీలో రోజూ చేయి తిరిగిన టీమ్ కావాలి. ఎప్పుడో ఒకసారి చేసే చోట చేయించుకోవాల్సిన పని కాదు. ఒకప్పుడు లూనేట్ తీసేసి సిలికాన్ బిళ్ల పెట్టేవారు. ఆ సిలికాన్ పొడి రాలి చుట్టూ ఎముకల్ని తినేయడంతో ఆ పద్ధతిని వదిలేశారు.

3బి దశకు చేరాక మాట మారుతుంది. స్కేఫాయిడ్ వాలిపోకుండా దాన్ని పక్క ఎముకలతో అతికించేస్తే భారం లూనేట్ నుంచి తప్పుకుంటుంది, కానీ మణికట్టు కదలికలో దాదాపు సగం పోతుంది. 3బిలో కూడా రేడియస్ పొట్టి చేసి మంచి ఫలితాలు చూసిన సర్జన్లు ఉన్నారు. ఇంకో మార్గం మొదటి వరుసలోని మూడు ఎముకల్ని, అంటే స్కేఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రమ్‌లను పూర్తిగా తీసేయడం. అప్పుడు క్యాపిటేట్ తల నేరుగా రేడియస్ గుంటలో కూర్చుంటుంది. మూడు ఎముకలు తీసేస్తారంటే భయమేస్తుంది గానీ, అతుక్కోవాల్సింది ఏదీ లేదు కాబట్టి కోలుకోవడం త్వరగా ఉంటుంది, రెండో చేతితో పోలిస్తే పట్టు చాలామందిలో 70-80 శాతం దాకా నిలుస్తుంది. క్యాపిటేట్ తల మీద, రేడియస్ గుంటలో గుజ్జు బాగుంటేనే ఇది చేయాలి. ముప్పై ఐదు దాటని బరువు పనివాళ్లలో ఏళ్లు గడిచాక అరుగుదల రావచ్చు. అన్నీ అరిగిపోయిన నాలుగో దశలో మిగిలేది మణికట్టును పూర్తిగా అతికించేయడం. నొప్పి పోతుంది, బలం ఉంటుంది, పైకీ కిందికీ కదలిక మాత్రం ఉండదు. వీటిలో దేనితోనైనా కలిపి, మణికట్టు వెనక నొప్పిని మోసే చిన్న నరాన్ని తెంచవచ్చు. అది వేళ్లను కదిలించే నరం కాదు కాబట్టి చేయి బలహీనపడదు.

ఓపీలో ఐదు నిమిషాల్లో తేలని విషయం ఇక్కడే ఉంది. మణికట్టు అతికించాక ఏ పనులు చేయగలమో, ఏవి చేయలేమో మన జీవితాన్ని బట్టి అడగాలి. అన్నం కలిపి తినవచ్చు, ఎందుకంటే అరచేతిని బోర్లా, వెల్లకిలా తిప్పే కదలిక అలాగే ఉంటుంది. తాళం తిప్పవచ్చు, యాక్సిలరేటర్‌కు కొత్త అలవాటు చేసుకోవచ్చు. కానీ నమాజులో సజ్దా నుంచి అరచేయి నేలకు ఆనించి లేవడం, సూర్య నమస్కారాలు, దండీలు కుదరవు. ఎడమ మణికట్టు అయితే మలవిసర్జన తర్వాత కడుక్కోవడం కష్టమవుతుంది, ఆ పనికి మణికట్టు లోపలికి వంగాలి. ఈ మాట అడగడానికి చాలామంది సిగ్గుపడతారు, డాక్టర్లు కూడా అడగరు. ఏ కోణంలో అతికించాలన్నది ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాల్సిన సంగతి. మణికట్టును ఆ కోణంలో కొన్ని రోజులు గట్టి పట్టీలో ఉంచి, ఇంట్లో పనులన్నీ చేసి చూసుకోవడం ఎంతో మేలు.

ఏ ఆపరేషన్ మిగతావాటికన్నా మేలని గట్టిగా తేల్చిన పెద్ద పరిశోధన ఇప్పటిదాకా లేదు. జబ్బు అరుదు, ఒక్కో దశలో రోగులు కొద్దిమందే. అందువల్ల ఒక సర్జన్ రేడియస్ అంటే ఇంకొకరు ముక్క అతికిద్దాం అంటారు. ఇద్దరిలో ఒకరు మోసం చేస్తున్నారనుకోనక్కర్లేదు. ఏ దశ, అల్నా కొలత ఎంత, గుజ్జు ఎలా ఉంది అన్న మూడు ప్రశ్నలకు ఇద్దరూ ఒకే జవాబు చెప్తున్నారా అని చూడాలి. అక్కడే తేడా ఉంటే మూడో అభిప్రాయం తీసుకోవాలి. హైదరాబాద్‌లో అందుకు వీలుంది. పంజాగుట్టలోని నిమ్స్‌లో, ఉస్మానియా ఆసుపత్రిలో ఎముకల విభాగంతో పాటు ప్లాస్టిక్ సర్జరీ విభాగమూ ఉంది. మణికట్టు పని రెంటికీ చెందుతుంది. ప్రైవేటులోనైతే చేతి సర్జరీనే ప్రత్యేకంగా చేసేవాళ్లను అడిగి వెళ్లాలి. మోకాలు, తుంటి మార్పిడిలో ఎంత పేరున్నా ఇది వేరే విద్య.

ఖర్చు విషయంలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. అయితే పరిమితి ఎంతున్నా, మనకు చెప్పిన ఆపరేషన్ ఆ ఆసుపత్రి ప్యాకేజీలో ఉందో లేదో ఆరోగ్యమిత్రను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చాలా కుటుంబాలను కుంగదీసేది బిల్లు కంటే ఆగిపోయిన కూలి. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికుడికి చందా షరతులు తీరితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు సర్టిఫికెట్లు మొదటి రోజు నుంచే సరిగ్గా పెట్టుకోవాలి. రోజుకూలీ మేస్త్రీకి ఆ రక్షణ లేదు. ఆపరేషన్ తేదీని అతను డాక్టర్ డైరీని బట్టి కాక, ఇంట్లో ఇంకెవరు సంపాదించగలరన్నదాన్ని బట్టి పెట్టుకోవాల్సి వస్తుంది. డాక్టర్లు కూడా దాన్ని వైద్యంలో భాగంగానే చూడాలి.

రేడియస్ పొట్టి చేశాక సుమారు ఆరు వారాలు పట్టీ ఉంటుంది. వేళ్లను మాత్రం మొదటి రోజు నుంచే పూర్తిగా ముడిచి తెరవాలి, లేకపోతే బిగుసుకుపోతాయి. ఎక్స్‌రేలో ఎముక అతికినట్టు తేలాకే బరువులు, సాధారణంగా మూడు నాలుగు నెలలకు. సిగరెట్, గుట్కా ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి. ఆపరేషన్‌కు ముందు నుంచే మానేయాలి. చేయి నిప్పులా మండుతూ, వాచి, రంగు మారి, నొప్పి రోజురోజుకూ పెరుగుతుంటే తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే చూపించుకోవాలి. లూనేట్‌కు రక్తం తిరిగి చేరడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. నొప్పి తగ్గింది కదా అని ఎక్స్‌రేలు మానేయకూడదు. ప్లేటు ఇబ్బంది పెట్టకపోతే తీయించాల్సిన అవసరం లేదు. తీయించాలనుకుంటే ఎముక పూర్తిగా గట్టిపడ్డాక, సర్జన్ సరేనన్నాకే.